వంశవృక్షాన్ని ఒక సాఫ్ట్‌వేర్ నుంచి ఇంకో సాఫ్ట్‌వేర్‌లోకి ఎలా పంపాలి?

మీరు గ్రాంప్స్ అనే వంశవృక్షాల ప్రోగ్రామ్‌లో నాలుగు తరాలు ఎక్కించారు. డల్లాస్‌లో ఉన్న మీ పెదనాన్నగారి అబ్బాయి తనకు తెలిసినవాళ్లను ఒక వెబ్‌సైట్‌లో పెట్టుకున్నారు. మళ్లీ టైప్ చేయకుండా రెండూ కలపడం ఎలా అని అడిగారు. మా ఇంట్లోనూ ఇదే పరిస్థితి అండి. నాది గ్రాంప్స్, మా పిన్ని కూతురిది వేరే ప్రోగ్రామ్. కొన్నేళ్లుగా ఫైళ్లు అటూ ఇటూ పంపుకుంటున్నాం.

దారి ఒక్కటే, జెడ్‌కామ్ (GEDCOM) ఫైలు. మోర్మన్ చర్చివాళ్లు 1984లో తెచ్చిన పద్ధతి ఇది. వంశవృక్షాల ప్రోగ్రాములు దాదాపు అన్నీ దీన్ని చదువుతాయి. 2021లో దీని 7.0 వెర్షన్ వచ్చింది కానీ, ఎక్కువ ప్రోగ్రాములు ఇప్పటికీ 1999 నాటి 5.5.1 మీదే నడుస్తున్నాయి. మీరూ దాంతోనే మొదలుపెట్టండి. పేర్లు, ఎవరి పిల్లలు ఎవరు, ఎవరికి ఎవరితో పెళ్లయింది, పుట్టిన తేదీ, పోయిన తేదీ, ఇవి మామూలుగా భద్రంగానే దాటతాయి. తేడా వచ్చేది మిగతా వాటితోనే.

ముందు తెలుగు అక్షరాల సంగతి. పంపే ముందు ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరవండి. మొదటి పది ఇరవై వరుసల్లో అక్షరాల పద్ధతి చెప్పే వరుస ఒకటి ఉంటుంది. అక్కడ యూటీఎఫ్-8 (UTF-8) అని ఉండాలి. ఆన్సెల్ (ANSEL) అనో ఆన్సీ (ANSI) అనో ఉంటే ఆ ఫైలు పంపకండి. పేర్లన్నీ ప్రశ్నార్థకాలుగా మారిపోతాయి, అలా మారిన ఫైలు నుంచి అసలు పేర్లు తిరిగి రావు. పొడవాటి నోట్స్ కూడా చూసుకోవాలి. 5.5.1లో పెద్ద నోట్‌ను ముక్కలు చేసి వరుసలుగా రాస్తారు. మా తాతగారు రంగూన్ నుంచి తిరిగొచ్చిన కథ నేను రెండు పేజీలు రాసి పెట్టుకున్నాను. అవతలి ప్రోగ్రామ్‌లో తెరిస్తే, వరుస విరిగిన ప్రతిచోటా రెండు పదాలు అతుక్కుపోయి ఉన్నాయి. అందుకే అలాంటివి ఇప్పుడు విడిగా వర్డ్ ఫైలుగా కూడా పంపుతున్నాను.

మన కుటుంబాలకు అసలు చిక్కు పేర్ల దగ్గర వస్తుంది. తాత పేరు మనవడికి పెడతాం, ఇంటిపేరూ ఒకటే. పుట్టిన సంవత్సరం ఖాళీగా ఉంటే ప్రోగ్రామ్ ఇద్దరినీ చూసి ‘వీళ్లు ఒక్కరే, కలిపేయమంటారా?’ అని అడుగుతుంది. సరే అంటే మధ్యలో ఒక తరం తలకిందులైపోతుంది. కచ్చితమైన తేదీ తెలియకపోయినా సుమారు 1890 అనైనా ప్రతి ఒక్కరికీ వేయండి. సుమారు అని చెప్పడానికి జెడ్‌కామ్‌లోనే వీలుంది. తెలుగు సంవత్సరాలకు మాత్రం అందులో చోటు లేదు. ‘ప్రమాది నామ సంవత్సరం’ అని మీ నానమ్మగారు చెబితే, తేదీ గడిలో 1939, 1940 మధ్య అని వేసి, ఆవిడ చెప్పిన మాట ఉన్నదున్నట్టు నోట్‌లో రాయండి. ప్రమాది అరవై ఏళ్లకోసారి వస్తుంది కాబట్టి ఏ ప్రమాదియో మీరు తేల్చాలి, ప్రోగ్రామ్ తేల్చలేదు. గోత్రానికీ విడిగా గడి లేదు. సొంతంగా ఒక అంశం పెట్టుకోవచ్చు కానీ అవతల అది ఎక్కడ తేలుతుందో చెప్పలేం. నోట్‌లో కూడా రాసిపెట్టుకోవడం మేలు.

మేనరికాల గురించి టెన్షన్ పడకండి. మేనమామను చేసుకున్న ఆవిడ చార్టులో రెండుచోట్ల కనిపిస్తుంది, ఒకసారి కూతురి కూతురిగా, ఒకసారి కోడలిగా. ఫైలులో ఉన్నది ఒక్కరే. డూప్లికేట్ అనుకుని ఒకచోట తీసేస్తే రెండోచోటా పోతుంది. మీ అన్నయ్యగారికి ఈ సంగతి ముందే చెప్పండి.

ఫొటోలు జెడ్‌కామ్‌లో వెళ్లవు. మీ కంప్యూటర్‌లో ఏ ఫోల్డర్‌లో ఉన్నాయో ఆ దారి మాత్రమే వెళుతుంది. ఫోల్డర్ విడిగా పంపాలి, ఫైళ్ల పేర్లు మార్చకూడదు. ఆయన కూడా గ్రాంప్స్ వేసుకుంటే ఈ గొడవే లేదు, దాని సొంత ప్యాకేజీలో ఫొటోలతో సహా అన్నీ వెళ్లిపోతాయి.

కలపడం విషయంలో నా మాట వినండి. రెండిట్లో ఒకటే అసలు చెట్టు అని ఇద్దరూ ముందే ఒప్పుకోండి. మీది పెద్దది కాబట్టి మీదే ఉంచండి. ఆయన ఫైలును నేరుగా మీ చెట్టులోకి దించకుండా, ముందు ఖాళీ చెట్టులోకి దించండి. రెండో పెళ్లి చేసుకున్నవారు, దత్తత వెళ్లినవారు, మేనరికం జంట, పొడవాటి నోట్ ఉన్నవారు, వీళ్లను తెరిచి చూడండి. ఈ నాలుగు రకాలూ సరిగ్గా వచ్చాయంటే మిగతావి దాదాపు సరిగ్గా ఉన్నట్టే. తర్వాత కొత్తవాళ్లను మాత్రం ఒక్కొక్కరినీ చూసుకుంటూ చేర్చండి. ఆ తర్వాత ఆయనకు ఏదైనా కొత్తగా తెలిస్తే వాట్సాప్‌లో చెప్పమనండి, మీరు ఎక్కించి తాజా ఫైలు పంపండి. ఇద్దరూ విడివిడిగా మార్చుకుంటూ పోతే ఆరు నెలల్లో ఏది సరైనదో ఇద్దరికీ తెలియదు.

వెబ్‌సైట్‌కు ఎక్కించే ఫైలులో బతికి ఉన్నవాళ్ల వివరాలు తీసేయండి. గ్రాంప్స్‌లో ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడే ఆ ఆప్షన్ ఉంటుంది. పుట్టిన తేదీ, అమ్మ పుట్టింటి పేరు బ్యాంకులవాళ్లు కూడా అడుగుతుంటారు. అవి అందరికీ కనబడేచోట ఉండకూడదు.