కెమెరా కొనే ముందు పని నేర్వండి: వీడియోగ్రఫీపై పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: బీకాం పూర్తిచేసి, రెండేళ్లుగా మా ఊరి స్టూడియోలో పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తున్నాను. ఇక సొంతంగా ఫ్రీలాన్స్ వీడియోగ్రాఫర్‌గా పనిచేయాలని ఉంది. మా నాన్నగారు పొలం మీద అప్పు తెచ్చి ఆరు లక్షల రూపాయలు ఇస్తానంటున్నారు. ఏ కెమెరా కొనమంటారు? ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక పాఠకుడు, తణుకు

జవాబు: ముందుగా, ఆ అప్పు ఇప్పుడే తేవద్దని మీ నాన్నగారికి చెప్పండి. మీ మీద ఆయన పెట్టుకున్న నమ్మకం గొప్పది, దాన్ని కాపాడుకోవాలనే ఈ మాట చెబుతున్నాను. మన ప్రాంతంలో పెళ్లిళ్ల పని ఏడాది పొడవునా ఉండదు. ఆషాఢం, భాద్రపదం, పుష్యమాసం ఖాళీగా పోతాయి, వాటికి తోడు గురుమూఢమో శుక్రమూఢమో వస్తే మరికొన్ని వారాలు కెమెరా సంచి విప్పే అవసరమే రాదు, అధికమాసం వచ్చిన ఏడాది ఇంకొక నెల తగ్గుతుంది. అప్పు మీద వడ్డీ మాత్రం ఆషాఢంలోనూ ఆగదు. పరికరాల కోసం పొలాన్ని తాకట్టు పెట్టిన యువకులు మొదటి మూఢంలోనే వచ్చిన ధరకు పని ఒప్పుకొని, ఆ తరువాత ఎన్నేళ్లయినా ఆ తక్కువ ధర నుంచి బయటపడలేకపోవడం ఈ వృత్తిలో నేను చాలాసార్లు చూశాను.

మీ చేతిలో ఇప్పటికే ఒక పెట్టుబడి ఉంది. రెండేళ్లుగా ఇతరులు తీసిన ఫుటేజీని కత్తిరించి అతికించినవారికి, ఎక్కడ ఏ షాట్ లేకపోవడం వల్ల వీడియో కుంటుపడిందో తెలిసి ఉంటుంది. కాబట్టి మొదటి సీజను మొత్తం రెండో కెమెరామన్‌గా పనిచేయండి. బలమైన ముహూర్తం ఉన్న రోజున ఒక్కొక్క స్టూడియోకు రెండు మూడు పెళ్లిళ్లు పడతాయి, ఉన్న మనుషులు చాలక బయటివారిని రోజు లెక్కన పిలుస్తారు. తణుకుతో ఆగకుండా తాడేపల్లిగూడెం, భీమవరం, రాజమహేంద్రవరం స్టూడియోలవారిని స్వయంగా కలిసి, మీరు ఎడిట్ చేసిన పనిలో బాగున్న మూడు నిమిషాల భాగాన్ని, సంబంధిత కుటుంబాల అనుమతి, మీ యజమాని అనుమతి తీసుకొని చూపించండి. చాలా స్టూడియోలు కెమెరా వారే ఇస్తాయి. ఇవ్వని చోట, పెద్ద ఊళ్లలో కెమెరాలు, లెన్సులు రోజు అద్దెకిచ్చే దుకాణాలున్నాయి. రెండు మూడు రకాల కెమెరాలు అద్దెకు వాడి చూశాక మీకేది కావాలో మీకే తెలుస్తుంది, అప్పుడు నన్ను అడగవలసిన అవసరం ఉండదు.

ఈ కాలంలో ఏం నేర్చుకోవాలో ఒక్క ఘట్టం చెబుతాను. జీలకర్ర బెల్లం క్షణం తీసుకోండి. అడ్డుతెరకు ఇటూ అటూ వధూవరులు కూర్చుని ఉంటారు, పురోహితుడు సుముహూర్తం అనగానే సన్నాయి, డోలు ఒక్కసారిగా అందుకుంటాయి, అంతవరకు కుర్చీల్లో ఉన్న బంధువులందరూ లేచి అక్షింతలతో ముందుకు వస్తారు, ఫోన్లు పట్టుకున్న చేతులు కెమెరాకు అడ్డం పడతాయి. ఆ క్షణం మళ్లీ రాదు, ఇంకొకసారి చేయించమని ఎవరినీ అడగలేము. అందుకే అరగంట ముందే పురోహితుడి దగ్గరకు వెళ్లి, ‘అయ్యగారూ, మీరు ఏ వైపు కూర్చుంటారు, తెర ఎవరు పట్టుకుంటారు’ అని వినయంగా అడిగి మీ చోటు ఖాయం చేసుకోవాలి. ఒక కెమెరాను కాస్త ఎత్తులో ట్రైపాడ్ మీద మండపమంతా కనిపించేలా నిలిపి, ఏం జరిగినా దాన్ని కదపకూడదు. రెండోది మండపం పక్కన మోకాళ్ల మీద కూర్చుని, ఇద్దరి ముఖాలూ, చేతులూ ఒకే ఫ్రేములో పడే కోణంలో పట్టుకోవాలి. గట్టిమేళం మొదలవగానే కెమెరాలోని మైకు ఆ హోరును తట్టుకోలేక శబ్దం పగిలినట్టు రికార్డవుతుంది, కనుక ఆడియో స్థాయిని ముందే తగ్గించి ఉంచాలి. పురోహితుడి కండువాకు ఒక చిన్న వైర్‌లెస్ మైకు తగిలించి, మంత్రాలను వేరుగా రికార్డు చేసుకోవాలి. పదేళ్ల తరువాత ఆ కుటుంబం వీడియో పెట్టుకున్నప్పుడు, ఇప్పుడు లేని తాతగారి దీవెన మాట స్పష్టంగా వినిపించడం ఎంత విలువైనదో వారిని అడిగితే తెలుస్తుంది. కొత్తవారు బొమ్మ మీద పెట్టిన శ్రద్ధలో సగం కూడా శబ్దం మీద పెట్టకపోవడం నన్ను నిజంగా బాధిస్తుంది.

ఫంక్షన్ హాళ్లలోని ఎల్‌ఈడీ దీపాల సంగతి కూడా గుర్తుంచుకోండి. మన దేశంలో విద్యుత్తు 50 హెర్ట్జ్‌లో సరఫరా అవుతుంది. సెకనుకు 25 ఫ్రేములు, షట్టరు 1/50 పెట్టుకుంటే చాలా చోట్ల బొమ్మ నిలకడగా ఉంటుంది, 30 ఫ్రేములు, 1/60 పెడితే గోడల మీద చారలు పాకడం, వెలుగు మినుకుమినుకుమనడం కనిపించవచ్చు. మండపం వెనుక ఎల్‌ఈడీ తెర ఉంటే దాని తీరు వేరు కనుక, అతిథులు రాకముందే ఒక నిమిషం తీసి చూసుకోవాలి.

కొనవలసిన రోజు వచ్చినప్పుడు, ఒకేసారి రెండు కార్డుల్లో రికార్డు చేయగల కెమెరా బాడీ, వెలుతురు తక్కువైనా పనిచేసే ఒక మంచి జూమ్ లెన్సు, గట్టి ట్రైపాడ్, రెండు వైర్‌లెస్ మైకులు, చాలినన్ని బ్యాటరీలు ఉంటే మొదలుపెట్టవచ్చు. నడుస్తూ తీసినా బొమ్మ కుదుపు లేకుండా ఉంచే గింబల్ తరువాత చూసుకోవచ్చు. సెకండ్ హ్యాండ్‌లో కొనడం చిన్నతనం కాదు, అయితే అసలు బిల్లు, దాని మీది సీరియల్ నంబరు కెమెరా మీది నంబరుతో సరిపోవాలి. ఎడిటింగ్‌కు డావిన్చి రిజాల్వ్ ఉచిత వెర్షను మొదట్లో సరిపోతుంది. అప్పు తప్పనిసరి అయితే, పొలం జోలికి వెళ్లకుండా ముద్ర పథకం కింద బ్యాంకులో అడగండి. అందులో 50 వేల వరకు శిశు, ఆ పైన 5 లక్షల వరకు కిశోర్ అనే విభాగాలున్నాయి, పది లక్షల లోపు ఈ రుణాలకు తాకట్టు అడగకూడదు.

డేటా విషయంలో మాత్రం ఖర్చుకు వెనుకాడవద్దు. సెకనుకు 100 మెగాబిట్ల చొప్పున 4కె వీడియో తీస్తే గంటకు దాదాపు 45 జీబీ అవుతుంది. రెండు కెమెరాలు కలిపి ఎనిమిది గంటలు నడిస్తే 360 జీబీ. ఆ రాత్రే, ఎంత నిద్ర వస్తున్నా, రెండు వేర్వేరు హార్డ్ డిస్కుల్లోకి కాపీ చేసి, అక్కడక్కడ తెరచి చూసి, ఒక డిస్కు మీతో, రెండోది మరొకరితో వేరే వాహనంలో పంపండి. ఈ రెండూ సరిగ్గా ఉన్నాయని చూసేవరకు కార్డు ఫార్మాట్ చేయవద్దు.

ధర చెప్పడం చాలామందికి కష్టంగా ఉంటుంది. పక్క స్టూడియో ఎంత తీసుకుంటున్నదో చూసి అంతకంటే వెయ్యి తగ్గించడం ధర కట్టడం కాదు. ఉదాహరణకు మీ పరికరాల విలువ రెండు లక్షల నలభై వేలనుకుందాం. అవి మూడేళ్లు పనికొస్తాయని, ఏడాదికి నలభై రోజులు షూటింగ్ దొరుకుతుందని లెక్కవేస్తే, మొత్తం నూట ఇరవై రోజులు, అంటే పరికరాల అరుగుదలే రోజుకు రెండు వేలు. దాని మీద ప్రయాణం, సహాయకుడి కూలి, హార్డ్ డిస్కు, మీ కష్టం వేసుకోవాలి. ఒక రోజు తీసిన పెళ్లి ఎడిటింగ్‌కు ఎన్ని రోజులు పడుతుందో మీకు స్వయంగా తెలుసు, ఆ రోజులను లెక్కలోకి తీసుకోకపోతే స్టూడియో ఉద్యోగమే నయమనిపిస్తుంది.

ప్రశ్న: నేను డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నాను. వీడియోగ్రఫీ అంటే ఇష్టం. రాత్రిళ్లు తిరగవలసి వస్తుందని, ఆడపిల్లలకు ఇది సరిపోదని ఇంట్లో అంటున్నారు. కోర్సు ఏదైనా చేయడం మంచిదా?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: ఇంట్లోవారి భయం అర్థంలేనిది కాదు. తెల్లవారుజామున మూడు గంటలకు ముహూర్తం పెట్టుకునే పెళ్లిళ్లు మనకు చాలా ఉన్నాయి, పని ముగించుకొని పరికరాలతో ఇంటికి చేరడం మగవారికీ ఇబ్బందే. అయితే దీనికి మార్గాలున్నాయి. మొదట్లో మరొక మహిళతో కలిసి జట్టుగా పని తీసుకోండి. రాత్రి ముహూర్తమైతే విడిదిలో గది, తిరుగు ప్రయాణానికి వాహనం పెళ్లివారే ఏర్పాటు చేయాలని ఒప్పందంలోనే రాయించుకోండి. అలా అడిగినందుకు పని పోతే, ఆ పని పోవడమే మంచిది.

ఇక అవకాశాల మాట. పెళ్లికూతుర్ని చేయడం, మంగళస్నానాలు, సీమంతం, ఓణీల వేడుక, పెళ్లికూతురి అలంకరణ గది, ఇలాంటి చోట్ల మహిళా వీడియోగ్రాఫర్ కావాలని కుటుంబాలు కోరి అడుగుతున్నాయి. ఆ పని ఆనందంగా చేయండి, కానీ అక్కడికే పరిమితం కావద్దు. మండపం దగ్గర ప్రధాన కెమెరా కూడా మీ చేతిలో ఉండాలని మొదటి నుంచీ పట్టుబట్టండి. ‘అమ్మాయి కదా, గది వరకు చూసుకుంటుంది’ అని తక్కువ ధర మాట్లాడే స్టూడియోకు మర్యాదగా నమస్కారం పెట్టి రండి.

కోర్సు విషయానికి వస్తే, క్రమపద్ధతిలో చదవాలనుకుంటే హైదరాబాదులోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలో ఫొటోగ్రఫీ ప్రధానాంశంగా బీఎఫ్ఏ ఉంది. అయితే అది పూర్తి డిగ్రీ, ఒక డిగ్రీ ముగింపులో ఉన్న మీకు అన్నేళ్లు మళ్లీ వెచ్చించడం అవసరమా అన్నది ఆలోచించుకోండి. మీ స్థితిలో మంచి పనితనం ఉన్న ఒకరి దగ్గర ఒక సీజను సహాయకురాలిగా ఉండటమే మేలని నా అభిప్రాయం.

ప్రశ్న: పెళ్లివారందరూ డ్రోన్ షాట్లు అడుగుతున్నారు. ఒక చిన్న డ్రోన్ కొని నేనే ఎగరవేయవచ్చా?
– ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: 2021 ఆగస్టులో వచ్చిన డ్రోన్ నియమాల ప్రకారం, 250 గ్రాముల కంటే బరువున్న డ్రోన్‌ను డబ్బు తీసుకొని చేసే పనికి ఎగరవేయాలంటే రిమోట్ పైలట్ సర్టిఫికెట్ ఉండాలి. దానికి 18 ఏళ్లు నిండి, పదో తరగతి పాసై, పౌర విమానయాన నియంత్రణ సంస్థ అయిన డీజీసీఏ గుర్తింపు ఉన్న సంస్థలో శిక్షణ పొందాలి. డ్రోన్‌కు విశిష్ట గుర్తింపు సంఖ్య తీసుకోవాలి. ఎగరవేసే ముందు, ఆ చోటు ఆకుపచ్చ (ముందస్తు అనుమతి అక్కరలేదు), పసుపు (అనుమతి కావాలి), ఎరుపు (కేంద్ర ప్రభుత్వ అనుమతి లేనిదే ఎగరవేయరాదు) మండలాల్లో దేనిలో ఉందో ప్రభుత్వ ఆన్‌లైన్ పటమైన డిజిటల్ స్కై మ్యాపులో చూసుకోవాలి. మీకు ఓర్వకల్లు విమానాశ్రయం దగ్గరే కనుక ఆ వైపు ఫంక్షన్ హాళ్లకు వెళ్లేటప్పుడు ఇది మరీ ముఖ్యం. ఆకుపచ్చ మండలంలో కూడా 400 అడుగులు దాటకూడదు.

2022 ఫిబ్రవరి నుంచి విదేశీ డ్రోన్ల దిగుమతి మీద నిషేధం ఉంది కాబట్టి, బిల్లు లేకుండా తక్కువకు ఇస్తామనేవారి దగ్గర కొనవద్దు. నాకు తోచేదేమంటే, సర్టిఫికెట్ ఉన్న పైలట్‌ను ఆ రోజుకు మాట్లాడుకొని, ఆ ఖర్చును విడిగా బిల్లులో చూపడం మీకు సుఖం. అక్షింతలు వేస్తున్న జనం నెత్తిమీద డ్రోన్ తిప్పమని ఎవరడిగినా ఒప్పుకోకండి, రెక్క తగిలితే కళ్లు పోతాయి.

ప్రశ్న: కంపెనీలకు, పెళ్లిళ్లకు వీడియోలు చేస్తున్నాను. ఒక కంపెనీ నాలుగు నెలలుగా డబ్బు ఇవ్వలేదు. మరోవైపు, నేను తీసిన పెళ్లి వీడియోను నా పేజీలో పెట్టుకుంటే ఆ కుటుంబం తీసేయమంటున్నది. నేను తీసిన వీడియో నాది కాదా?
– ఒక పాఠకుడు, హైదరాబాదు

జవాబు: రెండో సంగతి ముందు చెబుతాను. ప్రతిఫలం ఇచ్చి ఎవరైనా ఫొటో గానీ, వీడియో చిత్రం గానీ తీయించుకుంటే, వేరే ఒప్పందం లేనప్పుడు కాపీరైటుకు మొదటి హక్కుదారు తీయించుకున్నవారేనని 1957 కాపీరైట్ చట్టంలోని 17వ సెక్షన్ చెబుతుంది. కాబట్టి ఆ వీడియోను వెంటనే తీసేసి, వారికి ఆ మాట తెలియజేయండి. ఇకపై ఒప్పందంలో, ‘ఇందులోని భాగాలను నా పని నమూనాగా చూపడానికి అనుమతిస్తున్నాం’ అన్న వాక్యం చేర్చి, ఎక్కడ చూపుతారో కూడా రాసి సంతకం తీసుకోండి. చట్టాన్ని పక్కనపెట్టినా, ఒక ఇంటి ఆడపిల్ల కన్నీళ్లతో అత్తవారింటికి వెళ్లే అప్పగింతల దృశ్యం లోకమంతా చూడాలా వద్దా అన్నది ఆ ఇంటివారు తేల్చుకోవలసిన విషయం. సినిమా పాటలు కలిపిన వీడియో విషయంలో కుటుంబం అనుమతి ఒక్కటే చాలదు, పాట హక్కులు వేరేవారివి కనుక, లైసెన్సు ఉన్న సంగీతం వాడండి.

ఇక బకాయి సంగతి. చిన్న సంస్థల నమోదుకు కేంద్ర ప్రభుత్వం నడిపే ఉద్యమ్ పోర్టల్‌లో మీరు నమోదయ్యారా? అది ఉచితం, అందుకు డబ్బడిగే మధ్యవర్తులను నమ్మవద్దు. నమోదైన చిన్న సంస్థకు, ఒప్పందంలో ఏం రాసుకున్నా 45 రోజుల్లోపు చెల్లించాలని 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి చట్టం (ఎంఎస్‌ఎంఈడీ) నిర్దేశిస్తుంది. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల వడ్డీ, నెలనెలా చక్రవడ్డీగా లెక్కకట్టి ఇవ్వాలి. పనికి ముందే నమోదై ఉంటే ఇలాంటి బకాయి వివాదాలు చూసే రాష్ట్ర ఫెసిలిటేషన్ కౌన్సిల్‌లో ఫిర్యాదు చేయవచ్చు. ముందుగా బిల్లు తేదీ, వీడియో అందజేసిన తేదీ, ఈ చట్టం పేరు రాసి కంపెనీ అకౌంట్స్ విభాగానికి ఒక ఈమెయిల్ పంపండి, చాలా సందర్భాల్లో అంతటితోనే కదలిక వస్తుంది. మీరింకా నమోదు కాకపోయి ఉంటే, ఈ పాత బకాయికి న్యాయవాది ద్వారా నోటీసు పంపించి, తరువాతి పని ఒప్పుకునేలోగా నమోదు పూర్తిచేయండి.

కంపెనీ మీ బిల్లులో టీడీఎస్ (చెల్లింపు సమయంలోనే మినహాయించే ఆదాయపు పన్ను) కోసుకుంటే దాన్ని నష్టంగా వదిలేయకండి, ఆదాయపు పన్ను రిటర్ను వేస్తే, కట్టవలసిన పన్ను పోను మిగిలింది వెనక్కి వస్తుంది. సేవల మీద మీ ఏడాది రాబడి 20 లక్షలు దాటనంతవరకు సాధారణంగా జీఎస్టీ నమోదు అవసరం లేదు. ఆ లోపు ఎవరైనా జీఎస్టీ నంబరు లేకపోతే పని ఇవ్వబోమని అంటే, నమోదు చేసుకోవాలా వద్దా అన్నది ఒక ఆడిటరును అడిగి నిర్ణయించుకోండి, ఎందుకంటే ఒకసారి నమోదయ్యాక పని లేని నెలల్లోనూ రిటర్నులు వేస్తూనే ఉండాలి.