సైన్‌అప్ మధ్యలో వదిలేసినవాళ్లను ఎలా పట్టుకోవాలి?

విశాఖ ఎంవీపీ కాలనీ నుంచి క్యారేజీ భోజనాల సైట్ నడుపుతున్నామని, రిజిస్ట్రేషన్ మొదలుపెట్టి వదిలేసినవాళ్లెవరో సైట్‌కు వచ్చేవాళ్ల లెక్క చూపే గూగుల్ అనలిటిక్స్‌లో కనబడట్లేదని అడిగారు. అక్కడ కనబడరు. ఫోన్ నంబర్లు, ఈమెయిళ్లు అందులోకి పంపడమే గూగుల్ నిబంధనలకు విరుద్ధం. ఎంతమంది ఫారమ్ ముట్టుకున్నారు, ఎంతమంది పంపారు అన్నంతవరకే దాని పని. అసలు లెక్క మీ డేటాబేస్‌లో ఉండాలి.

నంబర్ కొట్టి 'తర్వాత' నొక్కగానే ఒక రికార్డు పడాలి: నంబర్, ఇప్పుడున్న దశ, ఒక్కో దశకు చేరిన టైము, వచ్చిన ఎర్రర్. దశలు నాలుగు చాలు: ఓటీపీ పంపాం, సరిపోయింది, అడ్రస్ ఇచ్చారు, పూర్తయింది. 30 నిమిషాలు కదలిక లేని రికార్డును 'వదిలేశారు' అని మార్చే క్రాన్ జాబ్ (సర్వర్‌లో నిర్ణీత వేళలకు దానంతటదే నడిచే పని) ఒకటి పెట్టండి. అదే నంబర్ మళ్లీ వస్తే పాత రికార్డునే తెరవండి, లేకపోతే ఒక్క మనిషే ముగ్గురవుతాడు. పేజీ మూసేటప్పుడు కబురు పంపే బ్రౌజర్ ఈవెంట్ 'బిఫోర్ అన్‌లోడ్'ను నమ్ముకోవద్దు, ఫోన్లలో అది చాలాసార్లు నడవనే నడవదు. పేజీ తెరమీద నుంచి పక్కకు పోగానే కబురిచ్చే 'విజిబిలిటీ ఛేంజ్' వాడండి.

ఎక్కువగా చూడాల్సింది ఓటీపీ దగ్గర. గాజువాకలో ఒకాయన తక్కువ ర్యామ్ ఫోన్‌లో నంబర్ కొట్టి, ఓటీపీ చూడ్డానికి మెసేజ్‌లలోకి వెళ్తాడు. ఆరంకెలు గుర్తుపెట్టుకుని తిరిగొచ్చేసరికి మెమరీ చాలక క్రోమ్ ఆ ట్యాబ్‌ను దించేసి ఉంటుంది. పేజీ మళ్లీ లోడవుతుంది, ఫారమ్ ఖాళీ. మళ్లీ నంబర్ కొడితే ఇంకో ఓటీపీ వస్తుంది, గుర్తుపెట్టుకున్నది చెల్లదు. విసుగొచ్చి పోతాడు. మీ టేబుల్‌లో ఇది నిమిషాల తేడాలో రెండు ఓటీపీలు, ఆపైన ఏమీ లేకపోవడంగా కనబడుతుంది. దశను సెషన్ స్టోరేజ్‌లో (ఆ ట్యాబ్ కోసం బ్రౌజర్ దాచిపెట్టే చోటు) దాచి నేరుగా ఓటీపీ పెట్టె దగ్గరికే తీసుకురండి. గడువు లోపల మళ్లీ అడిగితే పాత కోడే పంపండి. ఆ పెట్టెకు హెచ్‌టీఎంఎల్‌లో ఆటోకంప్లీట్ విలువగా 'వన్-టైమ్-కోడ్' ఇస్తే కొన్ని ఫోన్లలో కీబోర్డే అంకెలు చూపిస్తుంది, అక్కడ యాప్ మారే పనే ఉండదు.

ఒకరిద్దరు కాక అందరూ ఒక్కసారిగా ఓటీపీ దగ్గరే ఆగిపోతే డీఎల్‌టీ టెంప్లేట్, అంటే టెలికాం కంపెనీల దగ్గర ముందే నమోదు చేయించిన మెసేజ్ నమూనా చూడండి. నమోదైన వాక్యంలో ఒక్క మాట మార్చి పంపినా ఆపరేటర్ దాన్ని ఆపేయొచ్చు. మీ మెసేజ్‌లు పంపిపెట్టే ఎస్ఎంఎస్ గేట్‌వే మాత్రం 'సక్సెస్' అనే చెబుతుంది, ఎందుకంటే అది మెసేజ్ తీసుకున్నానని చెప్పడమే, చేరిందని కాదు. అందుకే ఫోన్‌కు చేరిందో లేదో చెప్పే డెలివరీ రిపోర్టును కూడా అదే రికార్డులో రాయించండి.

పేరు పెట్టె సంగతీ చెప్పాలి. 'చివరి పేరు కనీసం 3 అక్షరాలు, చుక్కలు చెల్లవు' అనే ఫారమ్‌లు ఎవరి కోసం రాస్తారో తెలీదు. ఇంటిపేరును ఒక్క అక్షరంగా రాసుకునే ఊళ్లో అది నేరుగా తలుపు వేసెయ్యడమే. పేరుకు ఒకే పెట్టె పెట్టండి, తెలుగు లిపిలో రాసినా తీసుకోండి. భోజనం పంపడానికి పుట్టినతేదీ అక్కర్లేదు, తీసెయ్యండి.

గుర్తుచేసే మెసేజ్ ఓటీపీ సరిపోయి, సమ్మతి టిక్ పెట్టినవాళ్లకే, అదీ ఒక్కసారే. ఓటీపీ సరిపోని నంబర్ ఇంకెవరిదో అయ్యుండొచ్చు. అలాంటి రికార్డులను 30 రోజులకు చెరిపేసి, ఏ దశలో ఆగారన్న లెక్క మాత్రం ఉంచుకోండి.