కెమిస్ట్రీ చదివి హౌస్‌కీపింగ్‌లో చేరాలా?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ కెమిస్ట్రీ పూర్తిచేసింది. గ్రీన్ బిల్డింగ్ సర్టిఫికేషన్ వైపు వెళ్లాలని ఆశ. వచ్చింది మాత్రం హౌస్‌కీపింగ్ ఎగ్జిక్యూటివ్ ఉద్యోగం. చేరమనాలా, వద్దనాలా? – ఒక తల్లి

జవాబు: నిరభ్యంతరంగా చేరమనండమ్మా. లీడ్ అంటే పర్యావరణహిత భవనాలకు పాయింట్ల లెక్కన ఇచ్చే గ్రీన్ బిల్డింగ్ సర్టిఫికేషన్. వాడుకలో ఉన్న భవనాలకు ఇచ్చే లీడ్ నాలుగో వెర్షన్‌ రేటింగ్‌లో గ్రీన్ క్లీనింగ్ పాలసీ, అంటే హాని తక్కువ చేసే పద్ధతుల్లో శుభ్రం చేస్తామనే రాతపూర్వక విధానం, తప్పనిసరి షరతు. అది లేకుంటే మిగతా పాయింట్లు ఎన్నున్నా సర్టిఫికెట్ రాదు. ఆ పాలసీని కాగితం మీది నుంచి నేల మీదికి తెచ్చేది హౌస్‌కీపింగే.

ముందు డైల్యూషన్ మీద, అంటే క్లీనింగ్ రసాయనాన్ని నీటిలో కలిపే పాళ్ల మీద పట్టు సాధించాలి. డబ్బా మీద 1:64 (ఒక వంతు రసాయనానికి 64 వంతుల నీరు) అని ఉంటే లీటరు నీటికి సుమారు 16 మి.లీ., 5 లీటర్ల బకెట్‌కు 78 మి.లీ. ఉజ్జాయింపుగా ఒంపితే నేల మీద జిగురు పొర మిగిలి మర్నాటికే దుమ్ము పట్టేస్తుంది. మాసిందని ఇంకాస్త పోస్తారు, పొర ఇంకా మందమవుతుంది. కొలత ప్రకారం రసాయనం వదిలే డోసింగ్ పంపు పెట్టిస్తే సగం బాధ తీరుతుంది. బ్లీచ్‌లో యాసిడ్ టాయిలెట్ క్లీనర్ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది. దీన్ని సిబ్బందికి అర్థమయ్యేలా చెప్పడానికి ఆమె చదువు అక్కరకొస్తుంది. మైక్రోఫైబర్ గుడ్డల్ని ఫ్యాబ్రిక్ సాఫ్ట్‌నర్‌తో ఉతకనివ్వకూడదు. పోగుల మీద పూత పట్టి దుమ్మును లాగే గుణం పోతుంది. ప్రధాన ద్వారం దగ్గర మ్యాట్ నడిచే దిశలో కనీసం 10 అడుగులు ఉండాలి. మట్టి అక్కడే ఆగితే లోపల రసాయనం అవసరమే తగ్గుతుంది.

పాయింట్లు ఎక్కువగా జారిపోయేది మాత్రం బిల్లుల దగ్గర. ఏడాదిలో కొన్న క్లీనింగ్ సామగ్రిలో ఖర్చు ప్రకారం 75 శాతం గ్రీన్ సీల్, ఈకోలోగో, సేఫర్ చాయిస్ లాంటి గుర్తింపు ఉన్నదై ఉండాలి. డబ్బాలు లెక్కపెడితే కుదరదు. సీసా మీద ఆకు బొమ్మ ఉంటే చాలదు. ‘క్లీనింగ్ మెటీరియల్’ అని ఒకే వరుసలో రాసిన బిల్లు దేనికీ పనికిరాదు. తేదీ, ఉత్పత్తి, పరిమాణం, ధర, గుర్తింపు పేరు, దాని గడువు విడివిడిగా మొదటి రోజు నుంచే ఎక్సెల్‌లో ఎక్కించమనండి. శుభ్రత ఆడిట్‌లో 1 నుంచి 5 వరకు స్కోరుంటుంది. ఇక్కడ తక్కువే మేలు, 2.5 దాటకూడదు. కొత్తవాళ్లు దీన్ని తిరగేసి చదువుతుంటారు.

ఆరు నెలలయ్యాక లీడ్ గ్రీన్ అసోసియేట్ పరీక్ష రాయొచ్చు. 2 గంటల్లో 100 ప్రశ్నలు, 200కు 170 వస్తే పాస్. తర్వాతి మెట్టు లీడ్ ఏపీ (అక్రెడిటెడ్ ప్రొఫెషనల్) పరీక్షలో ఓ ప్లస్ ఎం, అంటే భవనాల నిర్వహణ (ఆపరేషన్స్ ప్లస్ మెయింటెనెన్స్) విభాగం.

చేరేముందు రెండు విషయాలు అడగమనండి: తనను వేసే భవనం సర్టిఫికేషన్‌కు వెళ్తోందా, కొనుగోలు రికార్డులు ఎవరి చేతిలో ఉంటాయి? వాటిని ఆమెకు అప్పగించే వీల్లేదంటే వేరే సైట్ కోరుకోవడం మంచిది.