మీ ప్రశ్నలు – మా జవాబులు: దాతల పట్టికకు, పర్యటనల క్యాలెండరుకు ఏ సాఫ్ట్‌వేర్ వాడాలి?

ప్రశ్న: నేను నల్గొండలో మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయంలోను, పట్టణంలోని డిగ్రీ కళాశాలల్లోను విద్యార్థుల మధ్య పూర్తికాలపు పరిచర్య చేస్తున్నాను. నాకు నెల జీతమంటూ లేదు. వందకు పైగా కుటుంబాలు, పూర్వ విద్యార్థులు పంపే కానుకలతోనే పని నడుస్తోంది. వారి పేర్లు కొన్ని ఫోనులో, కొన్ని పాత డైరీల్లో, కొన్ని వాట్సాప్‌లో చెల్లాచెదురుగా ఉన్నాయి. ఎవరికి కృతజ్ఞత చెప్పానో, ఎవరికి చెప్పలేదో తెలియడం లేదు. ఈ పని కోసమే తయారైన సాఫ్ట్‌వేర్లు ఉన్నాయని ఒకరు, ఎక్సెల్ చాలునని మరొకరు అంటున్నారు. ఏది మేలు? — ఒక సోదరుడు, నల్గొండ

జవాబు: మీ పనికి గూగుల్ షీట్ ఒకటి, గూగుల్ క్యాలెండరు ఒకటి ఉంటే లోటుండదు. ఎక్సెల్‌కు బదులు షీట్ అనడానికి కారణం ఉంది. వివరాలు రాసుకోవలసిన సమయం దాత ఇంటి నుంచి బయటికి వచ్చి బస్టాండుకు నడుస్తున్నప్పుడే, అదీ చేతిలో ఉన్న ఫోనులోనే. రాత్రి ఇంటికి వెళ్లి కంప్యూటరు తెరిచి రాసుకుందాం అనుకున్న వివరాలు సాధారణంగా ఎక్కడా ఎక్కవు.

మీరు విన్న ప్రత్యేక సాఫ్ట్‌వేర్లలో ఎంపీడీఎక్స్, టీఎన్‌టీ కనెక్ట్ అనే రెండింటి గురించి చెప్పుకోవాలి. 1951లో బిల్ బ్రైట్ ప్రారంభించిన క్యాంపస్ క్రూసేడ్ అనే విద్యార్థి పరిచర్య సంస్థకు అమెరికాలో ఇప్పుడు క్రూ అని పేరు. ఎంపీడీఎక్స్ ఆ సంస్థ తయారు చేయించినది, ఇంటర్నెట్ మీద నడిచేది. టీఎన్‌టీ కనెక్ట్ విండోస్ కంప్యూటరులో వేసుకునేది, నెట్ లేకపోయినా పనిచేసేది. సంస్థ ఖాతాల విభాగం నమోదు చేసిన కానుకల వివరాలను నేరుగా తెచ్చుకోగలగడమే ఈ రెంటి అసలు బలం. మీ సంస్థ ఖాతాలు వాటితో అనుసంధానమై లేనప్పుడు ప్రతి కానుకనూ మీరే చేత్తో ఎక్కించాలి కనుక ఆ బలం మీకు ఉపయోగపడదు. దాతల వివరాలు భద్రపరచుకోవడానికే ఉన్న సివీసీఆర్‌ఎం అనేది ఉచితంగా దొరికే స్వేచ్ఛా సాఫ్ట్‌వేరే గాని, దానికి సర్వరు కావాలి, ఆ సర్వరును కనిపెట్టుకుని ఉండే మనిషి కావాలి. జిల్లా జిల్లాకు సిబ్బంది ఉన్న సంస్థ దాని సంగతి ఆలోచించవచ్చు, మీకు అనవసరం.

అయితే ఎంపీడీఎక్స్ నుంచి ఒక మంచి పద్ధతిని తెచ్చుకోవచ్చు. అందులో ప్రతి పేరుకూ ఒక స్థితి ఉంటుంది. ఇంకా సంప్రదించలేదు, కలవడానికి సమయం అడగాలి, సమయం ఖాయమైంది, నిర్ణయం తెలుసుకోవడానికి ఫోను చేయాలి, ఆర్థిక సహకారి, ప్రార్థనా సహకారి అన్నట్టుగా ఆ స్థితులు ఉంటాయి. మీ షీట్‌లో ఒక నిలువు వరుసకు డ్రాప్‌డౌన్ (నొక్కితే తెరుచుకునే ఎంపికల జాబితా) పెట్టి వీటిని తెలుగులోనే రాసుకోండి. పట్టికలో నూట ఇరవై పేర్లున్నా ఈ వారం ఫోను చేయవలసినవి ఏ ఏడెనిమిదో తేలిపోతాయి.

అన్నిటికన్నా ముఖ్యమైనది తేదీల విషయం. చాలామంది పట్టికల్లో ఒకే తేదీ ఉంటుంది, అది కానుక అందిన తేదీ. దానికి వేరుగా, కానుక ఊసు లేకుండా ఆ కుటుంబంతో మీరు చివరిసారి మాట్లాడిన తేదీకి ఇంకో నిలువు వరుస పెట్టి, పట్టికను ఎప్పుడూ ఈ రెండో తేదీ క్రమంలోనే అమర్చుకోండి. మొత్తాల క్రమంలో అమర్చితే హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే పూర్వ విద్యార్థి ఎప్పుడూ పైవరుసలోనే ఉంటాడు, నెలకు రెండు వందలు పంపే దేవరకొండ అంగన్‌వాడీ టీచరు ఎప్పుడూ అడుగునే ఉంటుంది. పలకరించిన తేదీ క్రమంలో అమర్చితే ఆరు నెలలుగా మీరు గడప తొక్కని ఇల్లు దానంతట అదే పైకి వస్తుంది. పక్క గడిలో నేటి తేదీలోంచి ఆ తేదీని తీసివేసే సూత్రం రాసి, అంకె తొంభై దాటగానే గడి ఎర్రబడేలా కండిషనల్ ఫార్మాటింగ్ పెట్టుకోండి. బైబిలులోని ఫిలిప్పీ పత్రిక నాలుగో అధ్యాయం ఒకసారి తిరగేయండి. ఏ సంఘం ఇచ్చిందో, తాను థెస్సలొనీకలో ఉండగా ఎన్నిసార్లు పంపిందో, ఎవరి చేతికిచ్చి పంపిందో పౌలు గుర్తుపెట్టుకుని రాశాడు గాని, మొత్తమెంతో రాయలేదు.

పేర్ల విషయంలో మన ప్రాంతంలో ఒక చిక్కుంది. బ్యాంకు స్టేట్‌మెంటులో కనిపించేది సర్టిఫికెట్లలోని పేరు, సంఘంలో అందరూ పిలిచేది బాప్తిస్మం నాటి పేరు. తల్లి ఇచ్చిన కానుకను కొడుకు తన ఫోన్‌పే నుంచి పంపితే మూడో పేరు కూడా వచ్చి చేరుతుంది. కాబట్టి పిలిచే పేరుకు ఒక గడి, బ్యాంకులో కనిపించే పేరుకు ఒక గడి ఉండి తీరాలి. అప్పటికీ పోల్చుకోలేకపోతే యూపీఐ చెల్లింపుకు వచ్చే పన్నెండంకెల లావాదేవీ సంఖ్యను అడిగి నమోదు చేసుకోండి, అది మరో చెల్లింపుతో కలవదు. ఫోనులో ‘మిర్యాలగూడ సార్’, ‘మిర్యాలగూడ కొత్త సార్’ అని భద్రపరచుకున్నవాటిని పూర్తి పేర్లతో సరిదిద్దిన తరువాతే షీట్‌లోకి ఎక్కించండి. ఏడాది తిరిగేసరికి కొత్త సారెవరో మీకే గుర్తుండదు.

ఎక్కించేటప్పుడు ఫోను నంబర్ల వరుసను ముందుగా ప్లెయిన్ టెక్స్ట్‌గా మార్చాలి. లేకపోతే 91తో మొదలయ్యే పన్నెండంకెల నంబరు ఎక్సెల్‌లో తెరిచినప్పుడు 9.19E+11 అన్న రూపంలో కనిపిస్తుంది. షీట్ సెట్టింగులలో లొకేల్‌ను భారతదేశంగా పెట్టండి. అమెరికా అని ఉంటే మీరు జూన్ 5 అనుకుని రాసిన 05/06 మే 6 అవుతుంది, తేదీల క్రమమంతా తలకిందులవుతుంది.

దాతలకు రాసే ప్రార్థన లేఖను వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్‌లో (ఒకే సందేశం చాలామందికి విడివిడిగా వెళ్లే జాబితాలో) పంపేవారు రెండు సంగతులు తెలుసుకోవాలి. ఒక జాబితాలో 256 మందికి మించి పట్టరు. మీ నంబరును తమ ఫోనులో భద్రపరచుకోని వారికి ఆ సందేశం అసలు చేరదు. చేరలేదన్న కబురు మీకూ రాదు కాబట్టి, ‘ఏడాదిగా మీ కబురే లేదు’ అని ఒక పెద్దాయన నిష్ఠూరమాడితే ఆశ్చర్యపోనక్కర లేదు. నంబరు భద్రపరచుకున్నారో లేదో కలిసినప్పుడే అడిగి, దానికీ ఒక గడి పెట్టుకోండి.

విదేశాల్లో ఉన్న పూర్వ విద్యార్థుల పేరు పక్కన పౌరసత్వం తప్పక రాయాలి. భారత పౌరసత్వం వదులుకోకుండా అక్కడ ఉద్యోగం చేసుకుంటున్నవారు తమ సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపేది విదేశీ విరాళం కిందికి రాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవారు, వారికి ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివారికి మన ప్రభుత్వం ఇచ్చేది) ఉన్నా సరే, పంపేది విదేశీ విరాళమే. దాన్ని తీసుకోవాలంటే సంస్థకు 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద అనుమతి ఉండాలి, 2020 సవరణ తరువాత ఆ సొమ్ము ముందుగా న్యూఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరిచిన ప్రత్యేక ఖాతాకే రావాలి. నిన్నటి విద్యార్థి నేడు పౌరసత్వం మార్చుకుని ఉండవచ్చు కనుక ఈ గడిని ఏటా ఒకసారి సరిచూసుకోవడం మంచిది.

ప్రశ్న: మేము ముగ్గురం పాలమూరు విశ్వవిద్యాలయంలోను, జడ్చర్ల, వనపర్తి కళాశాలల్లోను బైబిలు స్టడీలు నడుపుతున్నాము. దాతల ఇళ్లకు వెళ్లే రోజులూ విద్యార్థుల కూడికలూ ఒకే సాయంత్రం పడుతున్నాయి. ఒక కుటుంబం దగ్గరికి ఒకే వారంలో ఇద్దరం విడివిడిగా వెళ్లి ఇబ్బంది పడ్డాము. క్యాలెండరును ఎలా సర్దుకోవాలి? — ఒక సోదరి, మహబూబ్‌నగర్

జవాబు: ఇద్దరు వెళ్లడం క్యాలెండరు వల్ల వచ్చిన ఇబ్బంది కాదు. దాతల పట్టికలో ‘బాధ్యులు’ అన్న గడి పెట్టి, ఒక కుటుంబానికి మీ ముగ్గురిలో ఒక్కరి పేరే రాయండి. మిగతా ఇద్దరూ ఆ కుటుంబాన్ని పెళ్లిలోనో ఆరాధనలోనో కలిసినా, పరిచర్య అవసరాలు చెప్పవలసింది ఆ ఒక్కరే.

క్యాలెండరు విషయానికొస్తే, మీ సొంత క్యాలెండర్లు కాక ముగ్గురికీ ఉమ్మడిగా ఒకటి తెరిచి, ముందుగా మీ చేతిలో లేని తేదీలను నింపండి. సెమిస్టరు పరీక్షలు, ఇంటర్మీడియట్ పరీక్షలు, బతుకమ్మ, దసరా సెలవులు, డిసెంబరులో క్రిస్మస్ కూడికలు అందులో పడ్డాక మిగిలే ఖాళీ మీరనుకున్నదాని కంటే బాగా తక్కువని తెలుస్తుంది. పరీక్షల వారాల్లో విద్యార్థులు కూడికలకు రారు, వారిని పిలవడమూ న్యాయం కాదు. దాతల ఇళ్లకు వెళ్లవలసింది ఆ వారాల్లోనే. దసరా సెలవుల్లో హాస్టళ్లు ఖాళీ అవుతాయి, హైదరాబాదులో ఉన్న పూర్వ విద్యార్థులు ఊళ్లకు వస్తారు. ఆ పది రోజులనూ మరో పనికి ఇవ్వకండి.

దాతలను మండలాల వారీగా కాక బస్సు దారుల వారీగా విడదీసుకోవడం మా సలహా. షీట్‌లో ‘దారి’ అని ఒక వరుస పెడితే చాలు. జడ్చర్ల నుంచి కల్వకుర్తి, దేవరకొండల మీదుగా మిర్యాలగూడ వైపు సాగే 167వ నంబరు జాతీయ రహదారి మీద ఉన్న ఇళ్లన్నీ రెండు జిల్లాలు దాటినా ఒకే ప్రయాణంలో అందుతాయి, అదే మహబూబ్‌నగర్ జిల్లాలోనే ఉన్నా దారి తప్పిన ఊరికి ఒక పూట పడుతుంది. ఇంటివారికి ఏ వేళ కుదురుతుందో కూడా అక్కడే రాసుకోండి. ఉపాధ్యాయులకు బడి వదిలాక, ఆర్టీసీ వారికి వారాంతపు సెలవు ఏ రోజైతే ఆ రోజు, బియ్యం మిల్లుల్లో పనిచేసేవారికి కోతల కాలం తప్ప మరెప్పుడైనా కుదురుతుంది. పాస్టరు గార్ల ఇళ్లకు శనివారం సాయంత్రం వెళ్లకండి, మరునాటి ప్రసంగం తలలో తిరుగుతుంటే ఎదుట కూర్చున్న మనిషి మాట చెవికెక్కదు.

గూగుల్ క్యాలెండరులో మనకు ఖాళీ ఉన్న గంటలను చూపించి, ఎదుటివారే ఒకటి ఎంచుకునేలా లింకు పంపే సదుపాయం ఉంది. విద్యార్థులకు, హైదరాబాదు ఉద్యోగులకు దాన్ని నిస్సంకోచంగా పంపండి. ఊళ్లోని పెద్దలకు మాత్రం వద్దు. ‘అయ్యగారూ, ఎప్పుడు రమ్మంటారు’ అని ఫోను చేసి అడగడమే వారికి గౌరవం, లింకు పంపితే ఆఫీసులో టోకెను ఇచ్చినట్టు ఉంటుంది. అడిగి ఖాయం చేసుకున్న సమయాన్ని క్యాలెండరులో ఎక్కించి, దానికి రెండు హెచ్చరికలు పెట్టండి. మొదటిది ముందురోజు సాయంత్రం మరోసారి ఫోను చేయడానికి, రెండోది బయలుదేరే వేళకు.

అమెరికాలో ఉన్నవారితో మాట్లాడే సమయాన్ని వారి టైమ్‌జోనులోనే నమోదు చేయండి. అక్కడ మార్చిలోను, నవంబరులోను గడియారాలు గంట మారుతాయి, మనకు ఆ మార్పు లేదు. మన వేళ ప్రకారం రాసుకుంటే ఏటా రెండుసార్లు ఒకరు గంటసేపు ఎదురుచూడవలసి వస్తుంది.

ప్రశ్న: మా దాతల్లో కొందరు ఉద్యోగులు ఆదాయపు పన్ను మినహాయింపు కోసం 80జి రసీదు అడుగుతున్నారు. షీట్ నుంచి రసీదు తయారుచేసి ఇవ్వవచ్చునా? — సూర్యాపేట

జవాబు: రసీదు తయారుచేయడం సులభమే, దాన్ని ఇచ్చే అర్హత సంస్థకు ఉండాలి. ఒక మతానికి మాత్రమే పరిమితమైన సంస్థకు ఆ గుర్తింపు రాదు, గుర్తింపు ఉన్న సంస్థ కూడా తన ఆదాయంలో 5 శాతానికి మించి మతపరమైన పనులకు ఖర్చు చేయకూడదు. కాబట్టి కేవలం సువార్త పరిచర్యకు వచ్చిన కానుకకు 80జి అని ముద్రించి ఇవ్వకండి, మీ ఆడిటరు గారు సరేనన్నదే ఇవ్వండి. అర్హత ఉన్న సంస్థలో సైతం 2,000 రూపాయలకు మించిన నగదు కానుకకు మినహాయింపు లేదు, కొత్త పన్ను విధానం ఎంచుకున్న ఉద్యోగికి అసలే లేదు. ఆ ఉద్యోగుల్లో చాలామంది కొత్త విధానంలోనే ఉండవచ్చు, ఆ సంగతి ముందే చెబితే వారికీ మీకూ శ్రమ తగ్గుతుంది.

ప్రశ్న: దాతల పట్టికనూ, విద్యార్థుల పట్టికనూ వాలంటీర్లందరికీ తెరిచి ఉంచవచ్చునా? — గద్వాల

జవాబు: ఉంచకూడదు. కానుకల మొత్తాలు ఖాతాలు చూసేవారికీ, ఆ కుటుంబానికి బాధ్యులైనవారికీ తప్ప కనిపించనవసరం లేదు. సర్టిఫికెట్ పేరూ సంఘంలో పిలిచే పేరూ పక్కపక్కన ఉన్న పట్టిక బయటికి పొక్కితే కొందరికి ఉద్యోగాల్లో, ఊళ్లో చిక్కులు రావచ్చు కనుక ఆ జాగ్రత్త రెట్టింపు ఉండాలి. గూగుల్ షీట్‌లో ఒక వరుసను దాచినంత మాత్రాన అది భద్రం కాదు. మార్పులు చేసే అనుమతి ఉన్నవారెవరైనా దాన్ని మళ్లీ తెరవగలరు. మొత్తాలను వేరే ఫైలులోనే పెట్టండి. విద్యార్థుల పట్టికలో ఇంటర్మీడియట్ పిల్లలుంటే, 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం 18 ఏళ్లు నిండనివారిని బాలలుగానే చూస్తుందని, వారి సమాచారానికి తల్లిదండ్రుల సమ్మతి అడుగుతుందని గుర్తుంచుకోండి. ఇక ఆ ఫైళ్లను ఎవరి సొంత జీమెయిల్ మీదా తెరవకండి. పరిచర్య పేరుతో ఒక ఖాతా తెరిచి, రెండంచెల ధ్రువీకరణ పెట్టి, దాని సంకేతపదం ఇద్దరు పెద్దల దగ్గర ఉంచండి. పూర్తికాలపు స్టాఫ్ వర్కరు మరో జిల్లాకు మారిన రోజున తొలగించవలసింది ఆయన అనుమతి ఒక్కటే అవుతుంది, ఫైళ్లు, క్యాలెండరు ఉన్నచోటనే ఉంటాయి.