అక్క శ్రీమంతానికి మూస్ చేస్తానన్న కోడలికి

అమ్మీ,

అక్క శ్రీమంతానికి 60 కప్పుల చాక్లెట్ మూస్, అదే నురుగులా తేలికగా ఉండే ఆ చల్లటి స్వీటు, నువ్వే చేస్తానన్నావంట. నిన్న మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఆమె గొంతులో సంతోషం కంటే భయమే ఎక్కువ వినపడింది. నాకు రెండూ ఉన్నాయి. కువైట్‌లో హోటల్ పేస్ట్రీ కిచెన్‌లో ఇన్నేళ్ళు పని చేసి ప్రొద్దుటూరు వచ్చి కూర్చున్నా, మన ఇంట్లో ఒక్కరైనా ఆ పని నేర్పమని అడగలేదు. నువ్వు అడగకుండానే మొదలుపెట్టేశావు. అడిగి ఉంటే మామకు బాగుండేది. ఫోన్‌లో చెబితే సగం విని "ఊఁ మామా, ఊఁ మామా" అంటావు, అందుకే కాగితం పట్టుకున్నా.

ఒక్కసారి కూడా చేసి చూడకుండా 60 మందికి మాట ఇచ్చేయడం ఏం తెలివే? ఈ ఆదివారం 8 కప్పులు చేసి చూడు. ఆ తర్వాతే మిగతా మాట.

శ్రీమంతం తేదీ చూశావా? రోహిణి కార్తె. రోళ్ళు పగిలే ఎండలు, అందులోనూ కడపలో. నువ్వు వీడియోల్లో చూసేవాళ్ళంతా చాక్లెట్‌ను రూమ్ టెంపరేచర్‌కి రానిచ్చి క్రీమ్ కలపమంటారు. వాళ్ళ రూమ్‌లో ఉండేది 20, 22 డిగ్రీలు. మన వంటింట్లో మధ్యాహ్నం పొయ్యి వెలిగిస్తే 40 దాటుతుంది. చాక్లెట్‌ను గట్టిగా ఉంచే కోకో బటర్ 34 డిగ్రీల దగ్గరే కరిగిపోతుంది. అంటే నువ్వు సాయంత్రం దాకా కాచుకుని కూర్చున్నా అది చల్లారేది లేదు. వేడి తగ్గకుండా క్రీమ్ వేశావంటే అందులో గాలంతా పోయి గిన్నెలో చాక్లెట్ పాలు మిగులుతాయి.

కువైట్ ఎండ ఇంతకంటే ఎక్కువే. 2016 జూలైలో అక్కడి మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదైంది. అయినా మాకు మూస్‌తో టెన్షన్ ఉండేది కాదు. క్రీమ్ కొట్టే గది వేరే ఉండేది, అందులో స్వెటర్ వేసుకుని పని చేసేవాళ్ళం. మనకు ఆ గది లేదు కాబట్టి తెల్లవారుజాము 4 గంటలకు లేవాలి, పక్కన ఐసు ఉండాలి.

సామాన్ల సంగతి. చాక్లెట్ ప్యాకెట్ వెనక చదువు. కోకో బటర్ అని ఉంటే తీసుకో. హైడ్రోజినేటెడ్ వెజిటబుల్ ఫ్యాట్ అని ఉంటే అది కాంపౌండ్ అనే ఉత్తుత్తి చాక్లెట్, మూస్‌లో వేస్తే నాలుకకు మైనం తగులుతుంది. క్రీమ్ దగ్గర మాత్రం నా మాట నేనే మింగుతున్నా. నాకు పాల క్రీమే ఇష్టం. కానీ కూరల్లో వేసే ఫ్రెష్ క్రీమ్‌లో కొవ్వు 25 శాతమే, ఎంత కొట్టినా నిలవదు, కనీసం 30 ఉండాలి. ఆ 30 శాతందీ ఈ ఎండలో నిమిషం ఎక్కువ తిప్పితే వెన్న తేలిపోతుంది. ఈసారికి బేకరీ సామాన్ల షాపులో దొరికే నాన్ డెయిరీ విప్పింగ్ క్రీమ్ తెచ్చుకో. వేడికి కాస్త ఓర్చుకుంటుంది. అందులో చక్కెర ముందే ఉంటుంది, నువ్వు మళ్ళీ వేయకు. ఈ సలహా నేనిచ్చానని బయట చెప్పకు, నాతో పనిచేసినవాళ్ళు నవ్వుతారు.

గుడ్ల విషయానికి వస్తున్నా. ఇక్కడ కాస్త నిదానంగా చదువు.

నువ్వు పుట్టకముందు మాట. మీ అమ్మకు ఇంకా పెళ్ళి కాలేదు. నేను కువైట్ నుంచి మొదటిసారి లీవు మీద వస్తున్నా. అన్న అక్కడ చేసే పని తాను ఇక్కడ చేసి చూపించాలని ఆమెకు ఆశ. టీవీలో ఏదో వంటల ప్రోగ్రాం చూసి నోట్‌బుక్కులో రాసుకుంది. అంతకుముందు ఎవరితోనో నేను పంపిన చాక్లెట్ బార్లను ఎవరికీ పెట్టకుండా బీరువాలో దాచి, వాటినే కరిగించింది. బీటర్ ఎక్కడిది అప్పుడు? తెల్లసొనలు కవ్వంతో చిలికింది, చెయ్యి వాచేదాకా. పచ్చసొనలు పచ్చిగానే చాక్లెట్‌లో కలిపింది. స్టీలు గ్లాసుల్లో పోసి, పైన ఒక్కో జీడిపప్పు పెట్టి, ఫ్రిజ్‌లో వరసగా పేర్చింది. ఆ జీడిపప్పులు నాకింకా కళ్ళ ముందున్నాయి. అన్నీ ఒకే వైపు తిప్పి పెట్టింది.

మధ్యాహ్నానికి రావలసిన బొంబాయి రైలు లేటు. నేనొస్తున్నానని పక్కింటివాళ్ళు వచ్చి కూర్చుంటే, వాళ్ళకు చూపించాలని మీ అమ్మ గ్లాసులన్నీ బయటికి తీసింది. ఇంతలో కరెంటు పోయింది. ఆగిపోయిన ఫ్రిజ్‌లో పెడితే ఏం, బయట ఉంటే ఏం అనుకుని, నీళ్ళ కుండ పక్కన నీడలో పెట్టింది. కరెంటు వచ్చేసరికి పొద్దు గూకింది. గ్లాసులు మళ్ళీ ఫ్రిజ్‌లోకి వెళ్ళాయి. నేను రాత్రి ఇల్లు చేరేసరికి అన్నీ గట్టిపడి, చల్లగా, చూడముచ్చటగా ఉన్నాయి. రుచిలో ఏ తేడా లేదు. అందరం తిన్నాం. కూతురు కష్టపడి చేసిందని మీ అవ్వ రెండు గ్లాసులు తినింది.

మర్నాడు మధ్యాహ్నానికి ఇంట్లో అందరికీ కడుపులో గడబిడ. మీ అవ్వకైతే వాంతులు, విరేచనాలు, ఒళ్ళు కాలిపోయే జ్వరం. ఆస్పత్రిలో చేర్చి సెలైన్ ఎక్కించారు. డాక్టరు ఏం తిన్నారని అడిగి, పచ్చి గుడ్డు మాట వినగానే మీ అమ్మ వైపు చూశాడు. ఆ చూపుకే ఆమె వరండాలోకి పోయి స్తంభానికి ఆనుకుని ఏడ్చింది. నా లీవులో సగం ఆ మంచం పక్కనే గడిచింది. మీ అవ్వ లేచి కూర్చున్న రోజు చెప్పిన మొదటి మాట, "అయినా బాగుండె గదమ్మీ." దానికి మీ అమ్మ ఇంకా ఏడ్చింది. ఇప్పుడు తెలిసిందా, మీ ఇంట్లో ఆమ్లెట్ ఎందుకు నల్లగా మాడేదాకా పెనం దిగదో?

చాలామంది ఈ కథ విని గుడ్డునే తిడతారు. గుడ్డు సగమే. సాల్మొనెల్లా అనే రోగ క్రిమి పెంకు మీదే కాదు, ఒక్కోసారి లోపలి సొనలోనూ ఉంటుంది. వాసన రాదు, రంగు మారదు. 71 డిగ్రీల వేడి తగిలితే చస్తుంది, చల్లదనానికి మాత్రం చావదు, పెరగకుండా ఆగుతుందంతే. ఆ రోజు గ్లాసులు బయట వేడిలో ఉన్నంతసేపూ అది పెరిగింది. మళ్ళీ ఫ్రిజ్‌లో పెట్టడంతో మూస్ గట్టిపడింది గానీ, పెరిగింది తగ్గలేదు. మీ అమ్మ మోసపోయింది అక్కడే.

అక్కకు తొమ్మిదో నెల. ఆమె నోట్లోకి పోయే దాంట్లో పచ్చి గుడ్డు ఉండకూడదు. సొనను పాలతో కాచి 71 దాటించే పద్ధతి ఉంది, థర్మామీటర్ పెట్టుకుని తర్వాత ఎప్పుడైనా నేర్పిస్తా. శ్రీమంతానికి గుడ్డు లేని మూస్ చెయ్యి. ముత్తైదువుల్లో గుడ్డు ముట్టనివాళ్ళు ఎలాగూ ఉంటారు.

పద్ధతి పెద్దదేం కాదు. 8 కప్పులకు 200 గ్రాముల చాక్లెట్, 130 మిల్లీలీటర్ల పాలు, 300 మిల్లీలీటర్ల క్రీమ్. 60 కప్పులకు కిలోన్నర, లీటరు, రెండుంపావు లీటర్లు పడుతుంది. మూడు విడతలుగా చెయ్యి, ఇంట్లో బీటర్ ఒకేసారి అంత మొయ్యదు. చాక్లెట్ సన్నగా తరిగి, మరిగిన పాలు దాని మీద పోసి, కాసేపు ఆగి కలుపు. అర చెంచా కాఫీ పొడి వేస్తే చాక్లెట్ రుచి ఎత్తి చూపుతుంది. ఒట్టి చాక్లెట్ కరిగించేటప్పుడైతే తడి గరిటె తగిలినా ముద్దకట్టి గరగరలాడుతుంది, ఇలా పాలు దండిగా ఉంటే ఆ భయం లేదు. ఫ్రాన్స్‌లో ఎర్వే తీస్ అనే రసాయన శాస్త్రవేత్త 1995లో ఒట్టి చాక్లెట్, నీళ్ళు మాత్రమే ఐసు మీద గిలకొట్టి మూస్ చేశాడు. నాకు ఆ రుచి పెద్దగా నచ్చదు, అది వేరే సంగతి.

ఆ చాక్లెట్ గిన్నెను ఐసు నీళ్ళలో పెట్టి కలుపుతూనే ఉండు, వదిలేస్తే అంచుల్లో గడ్డకడుతుంది. చిటికెన వేలు ముంచితే వేడీ చల్లనా తెలియకూడదు, అదే గుర్తు. క్రీమ్ కొట్టే గిన్నె కిందా ఐసే, అందులో గుప్పెడు రాళ్ళ ఉప్పు వేస్తే ఇంకా చల్లబడుతుంది. క్రీమ్ మెత్తటి కొనలుగా నిలబడగానే ఆపేసెయ్. ముందు రెండు గరిటెలు చాక్లెట్‌లో వేసి కలిపి పలుచన చేసుకో. మిగతాది కింది నుంచి పైకి తిరగేస్తూ నిదానంగా కలుపు. దోసె పిండి కలిపినట్టు గిరగిరా తిప్పావంటే పడిన కష్టమంతా పోయినట్టే. కప్పుల్లో నింపాక కనీసం 4 గంటలు ఫ్రిజ్‌లో ఉండాలి.

ఫ్రిజ్‌లో అన్ని కప్పులు పట్టవు. సగం పక్కింటి ఫ్రిజ్‌లో పెట్టు, ముందే అడిగి పెట్టుకో. మల్లెపూలు, మామిడిపండ్లు ఆ ఫ్రిజ్‌లలో ఉండకూడదు, క్రీమ్‌కు వాసన ఇట్టే పడుతుంది. కప్పులకు మూతలు పెట్టు. మీ ఇన్వర్టర్ మీద ఫ్రిజ్ నడవదని గుర్తుంచుకో. కరెంటు పోతే తలుపు తెరవకు, తెరవకపోతే 4 గంటలదాకా చల్లదనం నిలుస్తుంది. భోజనాలు అయ్యాకే తియ్యి, అదీ పదిహేనేసి. ఈ ఎండలో గంట దాటి బయట ఉన్న కప్పు ఎంత బాగా కనపడినా పారబోసెయ్. గుడ్డు లేకపోయినా పాలున్నాయి కదా. పాపం వేస్టు అని మీ అమ్మ మళ్ళీ లోపల పెట్టబోతే చెయ్యి పట్టుకో.

ఐసు గడ్డకు ముందు రోజే డబ్బు కట్టి చెప్పిపెట్టు, ముహూర్తాల్లో దొరకదు. నా థర్మోకోల్ పెట్టె, థర్మామీటర్ తీసుకుని ముందు రోజు సాయంత్రం బస్సుకు నేనే వస్తా. పని నీదే, నేను స్టూలు వేసుకుని చూస్తా. 4 గంటలకు లేపినప్పుడు మాత్రం విసుక్కోవద్దు.

మీ మామ