గోడలు పూయకముందే వైర్లు లాగించు

దొండపర్తి, విశాఖపట్నం

చిరంజీవి మేనకోడలికి,

మావయ్య ఆశీస్సులు. మధురవాడ ఇంటికి పై స్లాబు పడిందని, వచ్చే సోమవారం నుంచి గోడల పూత మొదలవుతుందని రాశావు. చాలా సంతోషం. ఉత్తరం చివర మరో మాట కూడా రాశావు. హాల్లో, మీ పడకగదిలో, మీ అత్తగారి గదిలో, పైన పిల్లల గదిలో నాలుగు హెచ్‌డీ టీవీలు పెట్టుకుంటారని, డిష్ సంగతి గృహప్రవేశం అయ్యాక చూసుకుంటారని. ఆ మాట చదివి ఆ పూటే జవాబు రాస్తున్నాను. డిష్ గృహప్రవేశం తర్వాత బిగించుకోవచ్చు. బాక్సులు ఆ పై నెల తీసుకున్నా నష్టం లేదు. వైర్లు మాత్రం గోడలు పూయకముందే లోపలికి వెళ్లాలి. పూసిన గోడను పగలగొట్టి, అతుకు వేసి, మళ్లీ రంగు వేసిన ఇళ్లు ఈ ఊళ్లో ఎన్ని చూశానో లెక్కలేదు. నీ ఇంటికి ఆ గతి పట్టకూడదు.

మీ ఎలక్ట్రీషియన్ డాబా మీద నుంచి ఒక్క వైరు దింపి, కింద స్ప్లిటర్ పెట్టి నాలుగు గదులకూ పంచుతానన్నాడట. అతన్ని తప్పు పట్టను. చేపముల్లులాంటి పాత యాంటెనాల కాలంలో నేనూ అలాగే చేశాను, కేబుల్ టీవీకి ఇప్పటికీ అలాగే చేస్తారు. ఆ యాంటెనా తనకు అందిందంతా కిందికి వదిలేసేది. దాన్ని అడిగేవాళ్లు ఉండేవారు కారు. డిష్ తీరు వేరు. గిన్నె ముందు చేతి కొసన, సిగ్నల్ అందుకునే చిన్న పెట్టె ఉంటుంది, దాన్ని ఎల్‌ఎన్‌బీ అంటారు. అది కింద ఉన్న బాక్సు చెప్పినట్టు నడుచుకుంటుంది. ఉపగ్రహం నుంచి వచ్చే తరంగాల్లో నిలువుగా ఊగేవి కొన్ని, అడ్డంగా ఊగేవి కొన్ని. బాక్సు వైరులోకి 13 వోల్టులు పంపితే ఎల్‌ఎన్‌బీ నిలువువి ఇస్తుంది, 18 వోల్టులు పంపితే అడ్డంవి ఇస్తుంది. వాటితో పాటు 22 కిలోహెర్ట్జ్ స్వరం కలిస్తే పై బ్యాండు, అంటే ఎక్కువ పౌనఃపున్యాల తరంగాలు; కలవకపోతే కింది బ్యాండు. అంటే ఒక వైరు మీద ఒక సమయంలో ఒక్క ఆజ్ఞే నడుస్తుంది. రెండు బాక్సులు ఒకే వైరును పంచుకుంటే ఒకటి 13 అంటుంది, రెండోది 18 అంటుంది. పెద్ద వోల్టేజీదే చెల్లుతుంది, రెండో గదిలో తెర నల్లబడుతుంది.

ఎంవీపీ కాలనీలో ఒక ఇంటికి ఇలాంటి ఫిర్యాదు మీదే మూడుసార్లు వెళ్లాను. హాల్లో వార్తలు పెడితే పడకగదిలో సినిమా ఛానల్ పోయేది. వార్తలు మారిస్తే మళ్లీ వచ్చేది. మొదటిసారి డిష్ సరిచేశాను, రెండోసారి బాక్సు మార్పించాను. మూడోసారి బీరువా వెనక, గోడ డబ్బాలో, సున్నం కప్పిన చిన్న స్ప్లిటర్ కనబడింది. ఆ ఇంటివాళ్లకు కూడా అది ఉందని తెలియదు. కొన్ని కంపెనీల ఛానళ్లు చాలావరకు ఒకే రకం తరంగాల్లో వస్తే స్ప్లిటరుతో కొన్నాళ్లు బాగానే నడుస్తుంది. అందుకే "మా ఇంట్లో పనిచేస్తోందే" అనేవాళ్లు నీకు తప్పకుండా తగులుతారు. వాళ్ల మాట వినకు. కంపెనీ ఛానళ్లు సర్దిన రోజున నీ గోడలో ఉన్న వైరు మారదు.

కాబట్టి నాలుగు గదులకు నాలుగు వైర్లు, ప్రతి వైరూ బాక్సు వెనక నుంచి ఎల్‌ఎన్‌బీ దాకా మధ్యలో అతుకు లేకుండా. ఎల్‌ఎన్‌బీ నాలుగు నోళ్లది ఉండాలి, దాన్ని క్వాడ్ అంటారు. దుకాణంలో అడిగేటప్పుడు ఒక్క విషయంలో జాగ్రత్త. క్వాట్రో అని మరొకటి ఉంటుంది, చూడటానికి ఒక్కలాగే ఉంటాయి, దానికీ నాలుగు నోళ్లే. కానీ క్వాట్రోలో ఒక్కో నోటి నుంచి ఒక్కో రకం తరంగాలే వస్తాయి. అపార్టుమెంట్లలో మల్టీస్విచ్ అనే పంపిణీ పెట్టె పెట్టి పాతిక, ముప్ఫై ఇళ్లకు పంచేటప్పుడు వాడేది అది. నేరుగా బాక్సుకు పెడితే కొన్ని ఛానళ్లు మాత్రమే వచ్చి, తప్పు ఎక్కడుందో తెలియక తల పట్టుకుంటావు. మున్ముందు మేడ మీద ఇంకో వాటా వేసి అద్దెకిచ్చే ఆలోచన ఉంటే ఎనిమిది నోళ్ల ఎల్‌ఎన్‌బీ తీసుకో, రెండు వైర్లు అదనంగా లాగించు. ఏది కొన్నా మీరు ఎంచుకున్న కంపెనీ సిగ్నల్‌కు సరిపోతుందో లేదో కనుక్కునే కొను.

వైరు మీద పొదుపు చేయకు. ఆర్‌జీ-6, 75 ఓంలది, లోపలి తీగ పూర్తి రాగిది అడుగు. మార్కెట్‌లో ఎక్కువగా దొరికేది ఉక్కు తీగకు రాగి పూత పూసినది. పైకి రెండూ ఎర్రగానే మెరుస్తాయి. దుకాణానికి వెళ్లేటప్పుడు చిన్న అయస్కాంతం తీసుకెళ్లు. లోపలి తీగకు అంటుకుంటే అది ఉక్కు. సిగ్నల్ వరకు ఉక్కుదీ మోస్తుంది గానీ, ఎల్‌ఎన్‌బీకి కరెంటు వెళ్లేది కూడా ఆ తీగలోనే. పొడవు పెరిగేకొద్దీ వోల్టేజీ పడిపోతుంది. మంచి వైరులో కూడా 100 మీటర్లకు, 1 గిగాహెర్ట్జ్ దగ్గర 20 డెసిబెల్స్, 2 గిగాహెర్ట్జ్ దగ్గర దాదాపు 30 డెసిబెల్స్ సిగ్నల్ నష్టం ఉంటుంది. నీ డాబా నుంచి కింది హాలుకు పాతిక మీటర్లు మించదు కాబట్టి దిగులు లేదు, ఉన్న పొడవు పాడు చేసుకోకుండా ఉంటే చాలు.

పైపులు 25 మిల్లీమీటర్లవి వేయించు, కరెంటు వైర్ల పైపులో వీటిని దూర్చనివ్వకు. మూలల్లో వంపు పెద్దదిగా ఉండాలి, మడత పడిన వైరు లోపల నలిగిపోతుంది. ప్రతి వైరు రెండు కొసలకూ గది పేరు రాసి చీటీ కట్టించు. ఇది చిన్న పనే, మేస్త్రీలు నవ్వినా సరే చేయించు. అదే పైపులో ఇంటర్నెట్ వైరు ఒకటి, ఖాళీగా ఒక నైలాన్ తాడు కూడా వదిలించు. పిల్లలు పెద్దయ్యాక డిష్ వద్దని ఇంటర్నెట్‌లోనే అన్నీ చూస్తామనవచ్చు. అప్పుడు ఆ వైరు పనికొస్తుంది. మీ అత్తగారి గదికి మాత్రం బాక్సే ఉంచు. రిమోట్‌లో మూడు అంకెలు నొక్కితే భక్తి ఛానల్ రావాలి ఆవిడకు, యాప్‌లూ పాస్‌వర్డులూ పెట్టి కష్టపెట్టకండి.

ఇక మన ఊరి గాలి. రుషికొండ వైపు నుంచి ఉప్పు గాలి మీ డాబా మీదికి నిత్యం వస్తుంది. ఎల్‌ఎన్‌బీ దగ్గర పిన్నులు చేత్తో తిప్పి బిగించేవి పెడితే ఒకటి రెండు వర్షాకాలాలకే లోపల పచ్చగా చిలుము పడుతుంది. పనిముట్టుతో నొక్కి బిగించే కంప్రెషన్ పిన్నులు పెట్టించు. వాటి మీద తనంతట తాను అతుక్కునే రబ్బరు టేపు సాగదీసి చుట్టించు. మామూలు ఇన్సులేషన్ టేపు మే ఎండకు జిగురు కారి ఊడిపోతుంది. వైరు గోడలోకి దిగేముందు కిందికి చిన్న ఉయ్యాలలా వేలాడాలి, నీళ్లు ఆ వంపు దగ్గరే కారిపోతాయి. లేకపోతే వైరు వెంటే నడిచి హాల్లో బాక్సు దాకా వస్తాయి. అలా తడిసి పాడైన బాక్సులు నా చేతుల మీదుగా ఎన్నో పోయాయి.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు మా డాబా మీది డిష్ పిట్టగోడ ఇటుకలతో సహా ఊడిపోయింది. బోల్టులు బిగువుగానే ఉన్నాయి, ఇటుకలే ఆగలేదు. వీధిలోకి పడింది. ఆ సమయంలో కింద ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది, ఆ రాత్రంతా అదే తలచుకున్నాను. అప్పటి నుంచి పిట్టగోడకు డిష్ బిగించను, ఎవరినీ బిగించనివ్వను. స్లాబుకు బెజ్జాలు వేస్తే వాన నీరు దిగుతుంది. పని నడుస్తుండగానే డాబా మీద ఒక మూల కాంక్రీటు దిమ్మె పోయించి, అందులో బోల్టులు నిలబెట్టించు. డిష్ నిలబెట్టే స్తంభానికి రాగి తీగతో ఎర్తింగ్ వేయించు. పిడుగుల వేళ బాక్సుల ప్లగ్గులతో పాటు డిష్ వైర్లు కూడా తీసేయడం ఇంట్లో అందరికీ అలవాటు చెయ్యి.

దిమ్మె ఎటు పోయాలో ఇప్పుడే తేల్చుకోవాలి. ఉపగ్రహాలు భూమధ్యరేఖ మీద దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉంటాయి, కాబట్టి మనకు దక్షిణం వైపు ఖాళీ ఉండాలి. టాటా ప్లే ఉపగ్రహాలు 83 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉన్నాయి. విశాఖ రేఖాంశం కూడా దాదాపు అంతే. అంటే ఆ డిష్ సూటిగా దక్షిణానికి, నేల నుంచి దాదాపు 69 డిగ్రీల ఎత్తుకు చూడాలి. ఎయిర్‌టెల్ 108.2 డిగ్రీల దగ్గరుంది కాబట్టి ఆగ్నేయానికి తిరిగి 55 డిగ్రీల ఎత్తుకు చూస్తుంది. ఉపగ్రహం మన రేఖాంశానికి దూరమైనకొద్దీ ఎల్‌ఎన్‌బీని కూడా దాని పట్టీలో పక్కకు తిప్పాలి. మీ పక్క స్థలం ఇప్పుడు ఖాళీ, రేపు మూడంతస్తులు లేస్తుంది. సూటిగా దక్షిణానికి చూసే డిష్‌కు ఒక మీటరు దూరంలో రెండున్నర మీటర్ల అడ్డు ఉన్నా పర్వాలేదు, ఆగ్నేయానికి చూసేదానికి మీటరుకు 1.4 మీటర్లే. కొబ్బరి మట్టలను కూడా ఈ లెక్కలో వేసుకో.

గురి కుదిర్చేటప్పుడు తెర మీద రెండు కొలతలు కనిపిస్తాయి, బలం ఒకటి, నాణ్యత ఒకటి. నాణ్యతనే చూడాలి. గిన్నెను వెంట్రుకవాసి కదిపి మూడు నాలుగు సెకన్లు ఆగాలి. కుర్రవాళ్లు ఆగరు.

గట్టి వానలో బొమ్మ పోవడం ఈ తరంగాల స్వభావం, ఎవరూ పూర్తిగా ఆపలేరు. 60 సెంటీమీటర్ల గిన్నె బదులు 90 సెంటీమీటర్లది పెడితే వైశాల్యం రెండింతలు దాటుతుంది, వానను ఇంకాస్త సేపు ఓర్చుకుంటుంది. గాలి కూడా దానికి అంతే ఎక్కువ తగులుతుంది, దిమ్మె అందుకు తగ్గట్టు ఉండాలి. మార్చి మధ్యలో, మళ్లీ అక్టోబరు మొదట్లో కొన్ని రోజుల పాటు సూర్యుడు సరిగ్గా ఉపగ్రహం వెనకకు వస్తాడు. 83 డిగ్రీల వాటికి మధ్యాహ్నం పన్నెండు ప్రాంతంలో కొద్ది నిమిషాలు బొమ్మ చెదురుతుంది. అప్పుడు ఎవరినీ పిలవకు, డిష్ ముట్టుకోనివ్వకు.

బాక్సు నుంచి టీవీకి హెచ్‌డీఎంఐ వైరే పెట్టండి. పసుపు, తెలుపు, ఎరుపు పిన్నుల వైరులో హెచ్‌డీ బొమ్మ రాదు. పెద్ద టీవీ కొని, హెచ్‌డీ ఛానళ్లకు నెలనెలా డబ్బు కట్టి, ఆ మూడు పిన్నులతో ఏడాది పాటు మసక బొమ్మ చూసిన ఇల్లు నాకు తెలుసు. వైరు మార్చాక బాక్సు సెట్టింగుల్లో హెచ్‌డీ బొమ్మకు 1080ఐ, వెడల్పు తెరకు 16:9 ఉన్నాయో లేదో చూసుకో. ఒకే బాక్సు నుంచి హెచ్‌డీఎంఐ స్ప్లిటరుతో రెండు గదులకు ఇవ్వవచ్చు గానీ రెండు చోట్లా ఒకే ఛానల్ వస్తుంది. పది మీటర్లు దాటితే మామూలు హెచ్‌డీఎంఐ వైరు మొరాయిస్తుంది. మీ నలుగురి ఇష్టాలు వేరు కాబట్టి అది మీకు కుదరదు.

నాలుగు కనెక్షన్లూ ఒకే ఖాతా కింద తీసుకో. హెచ్‌డీ ఛానళ్లు ఏ గదికి కావాలో వాటికే ఎంచుకో, చిన్న తెర ఉన్న గదికి అవసరం లేదు. 2024 జులైలో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నెలవారీ నెట్‌వర్క్ రుసుము మీద ఉన్న గరిష్ఠ పరిమితిని తీసేసింది. అందుకని రెండో టీవీ నుంచి ఎంత పడుతుందో కంపెనీని అడిగి రాతలో తీసుకో.

శనివారం ఉదయం సిగ్నల్ మీటరు, దిక్సూచి తీసుకుని నేనే వస్తాను. దిమ్మె చోటు గుర్తుపెట్టి, పైపుల దారి గోడల మీద సుద్దతో గీసి ఇస్తాను. మేస్త్రీని ఆ రోజు ఉండమను. ఈలోగా హాలు దక్షిణపు గోడను ఎవరినీ ముట్టుకోనివ్వకు.

మీ అత్తగారికి నమస్కారాలు, పిల్లలకు దీవెనలు.

మీ మావయ్య