పరిశోధన ఫలితాలను ఊరివాళ్లకు, అధికారులకు ఎలా చెప్పాలి? నల్గొండలో నా అనుభవం

భూగర్భ జలాల మీద పీహెచ్‌డీ చేశానని, ఫలితాలను గ్రామస్తులకూ అధికారులకూ చెప్పాలని ఉందని రాశారు. సులువుగా చెబితే శాస్త్రీయత పోతుందని మీ గైడ్ అంటున్నారట. అదే భయంతో నేను దాదాపు ఏడాది పోగొట్టుకున్నాను.

నేను నల్గొండ జిల్లాలో బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ మీద పనిచేశాను. అది ఎక్కువైతే పళ్లు, ఎముకలు పాడవుతాయి, కాళ్లు వంగిపోతాయి. అప్పటికి ఇంటింటికీ నల్లా రాలేదు. నమూనాలు తీసుకున్న ఒక ఊళ్లో, బడి గదిలో మీటింగ్ పెట్టి, గ్రాఫులు చూపిస్తూ ‘ఎస్-14లో లీటరుకు 3.2 మిల్లీగ్రాములు’ అని చదువుకుంటూ పోయాను. అంతా అయ్యాక ఒక పెద్దమ్మ లేచి, ‘అయితే ఏ బోరు నీళ్లు తాగమంటవు బిడ్డా?’ అని అడిగింది. ఎస్-14 అంటే ఎల్లమ్మ గుడి బోరు అని ఆ గదిలో నాకు తప్ప ఎవరికీ తెలియదు.

ఆ రాత్రే పట్టిక తిరగరాశాను. ప్రతి బోరుకూ ఊళ్లో పిలిచే పేరు, పక్కన ‘తాగొచ్చు’ లేదా ‘తాగడానికి, వంటకు వద్దు, స్నానానికి, బట్టలకు వాడుకోవచ్చు’. అంతే. మర్నాడు రచ్చబండ దగ్గర చదివితే, నేను పరీక్షించిన వాటిలో రెండు బోర్ల నీళ్లు ఉప్పగా ఉంటాయని అసలెవరూ తాగరని తేలింది. ఆడవాళ్లు నీళ్లు తెచ్చుకునేది ఒక పొలం బోరు నుంచి. దాని నమూనా నేను తీసుకోనే లేదు! మీ గైడ్‌కు ఈ సంగతి చెప్పండి. సులువుగా చెప్పబట్టే నా పరిశోధనలోని లోపం నాకు కనబడింది.

అక్కడ ఇంకో తప్పు చేశాను. ఏం చేయకూడదో చెప్పలేదు. నెల తర్వాత వెళ్తే కొందరు ఆ నీళ్లనే కాచి తాగుతున్నారు. కాస్తే క్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరయ్యేకొద్దీ గాఢత పెరుగుతుంది. ‘కాచినా పోదు’ అనే రెండు మాటలు నేను మొదటిరోజే చెప్పి ఉండాల్సింది. ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

నిజమైన ఫలితం కూడా సగం చెబితే ప్రమాదమే. చింతపండు తిన్న బడిపిల్లల మూత్రంలో ఫ్లోరైడ్ ఎక్కువగా బయటికి పోయిందని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు 2002లో ప్రచురించారు. మంచి పరిశోధన. కానీ ‘చింతపండుతో వంగిన కాళ్లు సరవుతాయట కదా’ అని నన్ను అడిగారు. ఆ పరిశోధన ఆ మాట చెప్పలేదు. మీ ఫలితం ఏం చెబుతుందో చెప్పిన వెంటనే, ఏం చెప్పదో కూడా అదే గొంతుతో చెప్పండి.

ఇక అధికారులు. ఒక ఆఫీసులో నా 60 పేజీల రిపోర్టు ఇచ్చాను, ఎవరూ తెరవలేదు. అక్కడి ఇంజినీరు ఒకాయన కూర్చోబెట్టి ఓపిగ్గా చెప్పారు: ‘ఒక్క పేజీ తీసుకురా. ఆవాసం పేరు, ఎన్ని ఇళ్లు, ఏ బోరు ఆపాలి, దగ్గర్లో మంచి నీళ్లు ఎక్కడున్నాయి. అదీ మేం ఈ ఏడాది పనుల ప్రతిపాదనలు పైకి పంపక ముందు తీసుకురా.’ నేను వెళ్లింది మార్చి చివర్లో. ఆ ఏడాది ప్రతిపాదనలు అప్పటికే వెళ్లిపోయాయి.

పరిమితుల దగ్గర కూడా జాగ్రత్త. భారతీయ ప్రమాణాల ప్రకారం తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా ఆమోదయోగ్యం, వేరే నీళ్లు దొరకనప్పుడు మాత్రమే 1.5 దాకా. ఈ ‘మాత్రమే’ రాయకపోతే 1.4 ఉన్న బోరును ‘లిమిట్‌లోనే ఉంది కదా’ అని పక్కన పెట్టేస్తారు.

పత్రికలకు ఇచ్చే ముందు ఊరివాళ్లను అడగండి. ‘ఫ్లోరైడ్ ఊరు’ అని పేరు పడితే పెళ్లి సంబంధాలు ఆగిపోతాయన్న టెన్షన్ అక్కడి తల్లిదండ్రులకు నిజంగా ఉంటుంది. నేను విలేకరికి మండలం పేరు చెప్పాను, ఊరి పేరు చెప్పలేదు. ఆఫీసుకిచ్చిన కాగితంలో మాత్రం ఊరు, బోరు అన్నీ ఉన్నాయి.

మీ పట్టికను ఊరి పేర్లతో ఒక పేజీకి కుదించి ఇక్కడ పెడితే చూసి చెబుతాను. నమూనాలు ఎండాకాలంలో తీశారా, వానల తర్వాతా అన్నది కూడా రాయండి, అంకెలు దాన్ని బట్టి మారతాయి.